ఇటుకల మీద కారు

మీ తరం వాళ్ళు ఒకే వస్తువుని వంద ఫొటోలు తీసి, తొంభై తొమ్మిది చెరిపేసి, మిగిలిన ఒక్కటీ అందరికీ పంపుతారు. అది తప్పని అనను. ఆ వీలు నాకుంటే నేనూ అదే చేసేవాణ్ణి. మా రోజుల్లో కెమెరాలో రీలు వేస్తే పన్నెండు ఫొటోలు. ఏది వచ్చిందో ఏది చెడిందో కడిగి చూసుకునేదాకా తెలియదు. అలాంటి ఒక రీలు మీద నా పరువూ, ఒక పెద్దావిడ పట్టుదలా రెండూ ఆధారపడిన రోజు నా జీవితంలో ఒకటుంది. ముప్పై ఏళ్ళకు పైగా ఈ పని చేసి వేల మొహాలు తీశాను. అయినా ఎవరైనా వచ్చి, మీరు తీసిన వాటిలో మీకు బాగా నచ్చినదేదని అడిగితే నేను చూపించేది ఒక కారు ఫొటో.

అమలాపురంలో ఒక బట్టల కొట్టు మేడ మీద ఉండేది నా స్టూడియో. డెబ్బైల మొదట్లో పెట్టాను. పెళ్ళిళ్ళు, కాలేజీ గ్రూపులు, గల్ఫ్ వెళ్ళేవాళ్ళ పాస్‌పోర్టు ఫొటోలు, అప్పుడప్పుడూ చనిపోయినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి తీసే ఆఖరి ఫొటోలు. పని ఏదైనా నేను రోజంతా అనే మాట ఒక్కటే, "కదలకండి" అని. ఆ మాట అలవాటై, ఇంట్లో అన్నం వడ్డిస్తున్న మా ఆవిడతో కూడా అనేవాణ్ణి.

స్టూడియోలో నాకు తోడు ఒక పెద్దాయన ఉండేవారు. హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. కిటికీ పక్కన కూర్చుని, వాలుగా నిలబెట్టిన గాజుపలక మీద నెగెటివ్ పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిలుతో మొహాల మీద మచ్చలు, ముడతలు మాయం చేసేవారు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఎంతమంది పెళ్ళికూతుళ్ళ మొటిమలు ఆయన పెన్సిలు కింద పోయాయో లెక్కలేదు. తక్కువ మాట్లాడేవారు. కెమెరా మాత్రం ఎప్పుడూ ముట్టుకోలేదు. "మీరు పాడుచెయ్యండి, నేను బాగుచేస్తాను" అనేవారు. అది హాస్యమో కాదో నాకు చాలా ఏళ్ళు తెలియలేదు.

ఎనభైల మొదట్లో, పెళ్ళి ముహూర్తాలు ముమ్మరంగా ఉన్న రోజుల్లో, రాజోలు దగ్గర పల్లె నుంచి ఒక డాక్టరు గారు కబురు చేశారు. ఆవిడ వయసు అప్పటికి అరవై ఏడో ఎనిమిదో. పురుళ్ళు పోసే డాక్టరు. ప్రాక్టీసు మానేసి రెండు మూడేళ్ళయింది. ఏటి లంకల్లోనూ కాలవగట్ల మీదా ఉన్న పల్లెలకు ముప్పై ఏళ్ళపాటు తన కారు తనే నడుపుకుంటూ వెళ్ళిన మనిషి. ఆ కారు ఇంగ్లండులో తయారైనది. ఎవరో తోటల కంపెనీ దొర యుద్ధం అయ్యాక దేశం వదిలి వెళ్తూ అమ్మేస్తే ఈవిడ కొన్నారు. నల్లటి రంగు, ఊచల చక్రాలు, పైన మడిచేసే గుడ్డ టాపు, డ్రైవరు చెయ్యి బయటికి చాస్తే అందే చోట రబ్బరు బుడ్డి హారన్. ఆ హారన్ వినపడితే దారిలో ఎడ్లబళ్ళవాళ్ళు ఎవరికో నొప్పులొచ్చాయని బండి పక్కకి తీసేవాళ్ళట.

నేను వెళ్ళేసరికి ఆవిడ కారు పక్కనే మోటారు మెకానిక్కుతో మాట్లాడుతున్నారు. రాజోల్లో షెడ్డు ఉన్న నడివయసు మనిషి. ఇరవై ఏళ్ళుగా ఆ కారు మీద అతని చెయ్యి తప్ప ఇంకొకరి చెయ్యి పడలేదు.

"హైదరాబాదులో పాత కార్ల ప్రదర్శన పెడుతున్నారండి," అన్నారు డాక్టరు గారు. "ఫొటో పంపితే చూసి, నచ్చితే రమ్మంటారుట. మంచి ఫొటో కావాలి. మీరు బాగా తీస్తారని పది మందీ చెప్పేరు."

పది మందీ చెప్పారన్న మాటతోనే నేను చెడిపోయాను. కారుని కడిగించాను. మైనం పెట్టి రుద్దించాను. మెకానిక్కు పాపం రెండు గంటలు రుద్దాడు. పెళ్ళికొడుకుని పీట మీద కూర్చోబెట్టినట్టు కొబ్బరిచెట్ల మధ్య పచ్చగడ్డిలో పెట్టించాను. ఆ పెరడు కాలవ వైపు కొద్దిగా వాలుగా ఉంది. కారు హ్యాండుబ్రేకు సరిగ్గా పట్టదు. అందుకని మెకానిక్కు వెనక చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టాడు. నేను మూడుకాళ్ళ స్టాండు వేసి, వెలుగు కుదిరేదాకా అరగంట ఆగి, తీరిగ్గా ఆరు ఫొటోలు తీశాను. అందులో నాలుగు అచ్చం క్యాలెండరులా వచ్చాయి.

మాస్టారు నెగెటివ్ చూసి, "ఇక్కడ ఏదో ఉందండి, చక్రం కింద. ఇటుకల్లాగున్నాయి. తీసెయ్యమంటారా?" అని అడిగారు.

నాకు ఆ సాయంత్రం ముమ్మిడివరంలో పెళ్ళి ఉంది. ఫ్లాషు బ్యాటరీ సర్దుకుంటూ, "వదిలెయ్యండి మాస్టారూ, ఇటుకలెవరు చూస్తారు" అన్నాను. ఆయన నెగెటివ్ కవరులో పెట్టేశారు.

మూడు వారాల తర్వాత ఒక ఉదయం డాక్టరు గారు స్టూడియోకి వచ్చారు. కారు ఇంజను విప్పి మెకానిక్కు షెడ్డులో ఉంది. గన్నవరం అక్విడెక్టు వంతెన మీదుగా బస్సులో వచ్చి, మా ఇరుకు మెట్లన్నీ మోకాళ్ళు పట్టుకుని ఎక్కారు. కూర్చుని మంచినీళ్ళు తాగి, సంచిలోంచి ఒక ఉత్తరం తీసి ఇచ్చారు. ఇంగ్లీషులో ఉంది. మీ కారు అందంగా ఉంది. కానీ ఇటుకల మీద నిలబెట్టి ఉన్నట్టు ఫొటోలో కనపడుతోంది. నడవని కార్లను మేము పిలవము. మీ కారు నడుస్తుందని చూపించే ఫొటో ఏదైనా ఉంటే పదిహేను రోజుల్లోగా పంపగలరు. సారాంశం అది.

చదివాక తలెత్తి ఆవిడని చూడలేకపోయాను. మాస్టారు వైపు కూడా చూడలేదు. ఆయన మాత్రం పెన్సిలు చెక్కుకుంటున్నారు.

"మీ ఫొటో బాగుందండి, కాదన్ను," అన్నారు డాక్టరు గారు. "కానీ చెప్పక తప్పదు. మా కారుని శవాన్ని కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టేరు."

నా పనిని అంత సూటిగా ఎవరూ అనలేదు. అందులో తప్పేమీ లేకపోవడంతో ఇంకా గుచ్చుకుంది. నాలో ఉన్న వ్యాపారస్థుడు వెంటనే ఒక ఉపాయం చెప్పాడు. "డాక్టరు గారూ, మా మాస్టారు చెయ్యి తిరిగినవారు. ఇటుకలు గీకేస్తారు. చక్రాల వెనకాల దుమ్ము లేస్తున్నట్టు దిద్దుతారు. కారు పరిగెడుతున్నట్టే ఉంటుంది."

"చేసెయ్యొచ్చండి," అన్నారు మాస్టారు.

డాక్టరు గారు ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూశారు. "నా కారు నడుస్తుందండి. నడిచే కారుని నడుస్తోందని చూపించడానికి అబద్ధమెందుకు?"

"ఆయ్, అదీ నిజమేనండి," అన్నారు మాస్టారు. ఆయన గొంతులో సంతోషం వినపడింది.

"వచ్చే ఏడాది కూడా పెడతారు కదండీ, తీరిగ్గా ఆలోచించి..." అని నేనంటుండగానే ఆవిడ అడ్డం వచ్చారు.

"వచ్చే ఏడాదికి కారుంటుంది. క్లచ్చి తొక్కడానికి ఈ మోకాళ్ళుండవు. ఇంకొకరు నడిపితే అది నా కారు కాదు. లారీలో ఎక్కించుకుని వెళ్ళే పనైతే నేనసలు వెళ్ళను. హైదరాబాదు దాకా నేనే తోలుకెళ్తాను. ఆ ఏర్పాటంతా నేను చూసుకుంటాను. మీరు ఒక్క ఫొటో చూసుకోండి."

ఆవిడ మెట్లు దిగి వెళ్ళిపోయాక నేను కుర్చీలో కూలబడ్డాను. సమస్య మీకు అర్థమవుతోంది కదా. ఫొటో అంటేనే కదలనిది. అందులో కారు నడుస్తోందని ఎలా చూపించడం? వేగంగా క్లిక్కుమనిపిస్తే పరిగెత్తే కారు కూడా నిలబడ్డట్టే పడుతుంది. నెమ్మదిగా తీస్తే అంతా అలుక్కుపోతుంది. ఒకే ఒక్క దారి ఉంది. కారు పోతుంటే దానితోపాటు కెమెరా కూడా అదే వేగంతో తిప్పుతూ, తిప్పుతూనే నొక్కాలి. అప్పుడు కారు స్పష్టంగా ఉండి, వెనకాల చెట్లన్నీ గీతల్లా సాగిపోతాయి. మద్రాసులో నేను పని నేర్చుకున్న రోజుల్లో ఒకాయన చెబుతుంటే విన్నాను. చెయ్యడం మాత్రం ఎన్నడూ చెయ్యలేదు. జీవితమంతా కదలకండి అన్నవాడికి కదిలేదాన్ని పట్టుకునే అవసరం ఎక్కడొస్తుంది?

మర్నాడు పొద్దున్నే కాలవగట్టు మీదికి పోయి, వచ్చేపోయే సైకిళ్ళ మీద ఒక రీలు ఖర్చుపెట్టాను. కడిగి చూస్తే పన్నెండింటిలోనూ ఖాళీ రోడ్డే. రెండింటిలో మాత్రం వెనక చక్రం ఉంది. కారణం నా కెమెరాయే. అది రెండు కళ్ళ కెమెరా. మెడలో వేలాడదీసుకుని, పైనుంచి గాజులోకి వంగి చూడాలి. ఆ గాజులో బొమ్మ కుడిఎడమలు తారుమారుగా కనపడుతుంది. సైకిలు కుడివైపుకి పోతుంటే గాజులో ఎడమకి పోతుంది. కళ్ళు ఒకటి చెబితే చేతులు ఇంకొకటి చేసేవి.

తడి నెగెటివ్ పట్టుకుని తిట్టుకుంటుంటే మాస్టారు కుర్చీలోంచి లేచి వచ్చారు. కెమెరా పైమూత మధ్యలో ఉన్న చిన్న రేకు తలుపుని గోటితో నెట్టారు. అది లోపలికి మడత పడి, చదరపు కిటికీ ఒకటి తెరుచుకుంది.

"ఇదెందుకిచ్చేడనుకున్నారు?" అన్నారు. "కంటికి ఆనించుకుని ఇందులోంచి తిన్నగా చూడండి. కుడి కుడే, ఎడమ ఎడమే."

పదేళ్ళుగా ఆ కెమెరా నా మెడలో ఉంది. ఆ తలుపు ఉందని తెలుసు. దాని అవసరమేమిటో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. కెమెరా ఎన్నడూ ముట్టుకోనాయన దూరం నుంచి చూసే కనిపెట్టారు.

"రీళ్ళు తగలెయ్యకండి," అని ఇంకో మాట కూడా అన్నారు. "నేను పిల్లలకి గీత గియ్యడం గాలిలో నేర్పేవాణ్ణి. ముందు చెయ్యి తిరగాలి. కాయితం తరవాత."

ఆ మాట పట్టుకుని నాలుగు రోజులు ఖాళీ కెమెరాతో మెయిన్ రోడ్డు మీద నిలబడ్డాను. పాదాలు కదపకుండా నడుము తిప్పుతూ సైకిళ్ళనీ, రిక్షాలనీ, కాకినాడ బస్సునీ వెంబడించాను. కింద బట్టల కొట్టు యజమాని పైకి వచ్చి, "బాబు గారికి ఒంట్లో ఎలా ఉందండి" అని మాస్టారుని అడిగి వెళ్ళాడట. అయిదో రోజు రీలు వేసి మళ్ళీ తీస్తే, పన్నెండింటిలో మూడు కుదిరాయి. ఒక పాలవాడి సైకిలు రాయిలా నిలిచి ఉంది, వెనకాల దుకాణాలన్నీ నీళ్ళలా పారుతున్నాయి. ఆ ఫొటోని మాస్టారు ఎండలో పెట్టి చూసి, "ఇప్పుడు వెళ్ళండి," అన్నారు.

చోటు నేనే ఎంచాను. దిండి రేవు. అప్పట్లో వశిష్ఠ గోదావరి మీద అక్కడ వంతెన లేదు. రెండు పడవలు కలిపి కట్టి, పైన బల్లలు పరిచిన పంటు మీద కార్లూ జీపులూ ఏరు దాటేవి. పంటు దిగిన బండి ముందు బల్లల మీద నుంచి రేవు వాలు ఎక్కాలి. ఎక్కాక ఏటిగట్టు వెంబడి తిన్నటి రోడ్డు, దాని వెనక వరసగా కొబ్బరిచెట్లు. నీళ్ళ మీంచి వచ్చి, గట్టెక్కి, చెట్ల ముందు పరిగెత్తే కారుని చూసి ఇటుకల మీద ఉందని ఎవడంటాడో చూద్దామనుకున్నాను.

అప్పటికి ఇంజను మళ్ళీ బిగించిన మెకానిక్కు మాత్రం బెంగపడ్డాడు. "ఆ వాలు కొత్త జీపులే మూలుగుతా ఎక్కుతాయండి. సముద్రం పోటు మీదున్నప్పుడైతే నీళ్ళు పైదాకా ఉంటాయి, పర్లేదు. పాటులో నీళ్ళు తీసేక దిగేమంటే బురదలోంచి నిలువుగా ఎక్కాలి."

"పోటు వేళకే వద్దాం," అన్నారు డాక్టరు గారు.

అనుకున్న రోజున నేను పొద్దున్నే వెళ్ళి దిండి ఒడ్డున చోటు చూసుకున్నాను. వాళ్ళిద్దరూ కారులో వచ్చి, మొదటి పంటు మీద అవతల ఒడ్డుకి దాటారు. వెంటనే తిరుగు పంటు మీద వచ్చెయ్యాలని ఏర్పాటు. కానీ అవతల రెండు లారీలు ముందు దాటాలని పట్టుపట్టాయి. తర్వాత పంటుని లాగే లాంచికి ఇంజను పట్టేసింది. పది దాటింది, పదకొండు దాటింది. నా కళ్ళ ముందే ఏటి నీళ్ళు కిందికి జారుకుంటున్నాయి. పొద్దున్న నీళ్ళ కింద ఉన్న రేవు ఇప్పుడు నల్లటి బురద వాలుగా బయటపడింది.

ఈలోగా కబురు పాకిపోయింది. డాక్టరమ్మ గారి కారు వస్తోందట అని గట్టు నిండా జనం చేరారు. ఒకావిడ నా పక్కకి వచ్చి, "నేనా కారులోనే పుట్టేనండి. ఆస్పత్రి దాకా ఆగలేదట మా అమ్మకి," అంది. అలాంటివాళ్ళు అక్కడ ఇంకా ఎందరున్నారో.

పన్నెండు గంటల వేళ పంటు వచ్చింది. కారు టాపు వెనక్కి మడిచి ఉంది. డాక్టరు గారు తెల్లచీర కట్టుకుని, నిటారుగా స్టీరింగు దగ్గర కూర్చున్నారు. ఏటి మధ్యలో ఆ దృశ్యం చూసి నాకు చేతులు ఆగలేదు. పంటు వస్తుంటే మూడు, ఒడ్డుకి ఆనుతుంటే రెండు, బల్లల మీదికి చక్రం పెడుతుంటే రెండు, వాలు ఎక్కుతుంటే మూడు. పది ఫొటోలు అయిపోయాయని నాకు తెలిసేసరికి, సగం వాలులో కారు గురగురలాడి ఆగిపోయింది.

కారు వెనక నాలుగు గజాల్లో ఏరు. హ్యాండుబ్రేకు పట్టదని తెలిసినవాళ్ళం ముగ్గురమే. డాక్టరు గారు కుడికాలు బ్రేకు మీద బిగించి పట్టుకున్నారు. ఆ మోకాలు ఎలాంటిదో నాకు తెలుసు.

పది పన్నెండు మంది మగవాళ్ళు పంచెలు ఎగ్గట్టి బురదలోకి దిగారు. "తోసేత్తాం ఉండండమ్మా," అని ఒకడు వెనక మడ్‌గార్డు మీద చెయ్యి వేశాడు.

"ఎవరూ ముట్టుకోకండి," అన్నారు డాక్టరు గారు. గట్టిగా అనలేదు. కానీ ఆ గొంతు వాళ్ళందరి ఇళ్ళలోనూ ఎప్పుడో ఒకప్పుడు విన్నదే. చేతులన్నీ వెనక్కి వచ్చేశాయి. "తోస్తే ఎక్కిన కారు నడిచిన కారవ్వదురా. ఆ ఫొటో నేనెలా పంపను?"

ఒక పెద్దాయన ఎక్కడి నుంచో రెండు ఇటుకలు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. చక్రాల కింద పెడదామని ఆయన ఉద్దేశం. నేను అంత దూరం నుంచి, "ఇటుకలు మాత్రం వద్దండి బాబూ" అని అరిచాను. డాక్టరు గారు ఆ స్థితిలో కూడా నా వైపు తిరిగి నవ్వారు.

మెకానిక్కు దిగి, ముందు వైపు హ్యాండిలు పెట్టి తిప్పడం మొదలుపెట్టాడు. కాళ్ళ కింద బురద, జారుతున్నాడు. ఒకసారి తిప్పాడు, దగ్గింది. రెండోసారి అది కూడా లేదు. అతను చొక్కా విప్పి అవతల పారేసి, పాదాలు బురదలో పాతుకుని నిలబడ్డాడు.

"అమ్మా, కాలు ఉంచగలరా?" అని అడిగాడు.

"ముప్పై ఏళ్ళు ఎంతమందిని ఓర్చుకోమన్నానో. నేనోర్చుకోలేనా? తిప్పు."

ఆ కాలపు కార్లకి స్టీరింగు దగ్గరే పెట్రోలు పెంచే చిన్న పిడి ఒకటి ఉండేది. ఆవిడ ఎడమకాలితో క్లచ్చి, కుడికాలితో బ్రేకు తొక్కిపట్టి, వేలు ఆ పిడి మీద ఆనించి ఉంచారు. మూడోసారి మెకానిక్కు ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తిప్పాడు. ఇంజను అందుకుంది. ఆవిడ పిడి పైకి నెట్టారు. కారు అరిచింది. బ్రేకు వదిలిన క్షణంలో ఒక జానెడు వెనక్కి జారింది. గట్టు మీద ఆడవాళ్ళు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. తర్వాత చక్రాలు బురదని రెండు పక్కలకీ చిమ్ముకుంటూ, ఒక్కొక్క అడుగే, ఒక్కొక్క అడుగే, కారు పైకి వచ్చేసింది.

అప్పుడు నా పని మొదలైంది. కెమెరాలో రెండే మిగిలాయి. చిన్న తలుపు నెట్టి కంటికి ఆనించుకున్నాను. కారు గట్టు రోడ్డు మీదికి తిరిగి వేగం అందుకుంది. జనం కేకలు వేస్తూ దాని వెనక పరిగెత్తుతున్నారు. నేను పాదాలు కదపకుండా నడుము తిప్పుతూ వెంబడించి, కారు నా ఎదురుకి రాకముందే తొందరపడి నొక్కేశాను. అది పాడైందని నొక్కుతున్నప్పుడే తెలిసింది. కెమెరా పిడి తిప్పి రీలు ముందుకి జరిపాను. ఇంకొకటే ఉంది. కారు సరిగ్గా నా ఎదుట ఉంది. డాక్టరు గారు నన్ను చూడటం లేదు, కెమెరానీ చూడటం లేదు. దారి చూస్తున్నారు. ఊపిరి బిగబట్టి తిరిగాను, తిరుగుతూనే నొక్కాను, నొక్కిన తర్వాత కూడా తిరుగుతూనే ఉన్నాను.

ఇంకో రీలు వేసి మళ్ళీ తీద్దామంటే కుదరలేదు. రేడియేటరులోంచి ఆవిరి చిమ్ముతోంది. డాక్టరు గారు కారు దిగబోయి మోకాలు మడత పడక, తలుపు పట్టుకుని ఆగిపోయారు.

"వచ్చిందాండి?" అని అడిగారు.

"రేపు కడిగితే గాని చెప్పలేనండి," అన్నాను. అబద్ధం చెప్పి ధైర్యం చెప్పే అలవాటు నాకుంది గాని, ఆవిడ ముందు నోరు రాలేదు.

మర్నాడు ఉదయం డార్క్‌రూములో ఆ రీలు కడుగుతూ నిమిషానికోసారి గడియారం చూసుకున్నాను. పెళ్ళి రీళ్ళు వందల కొద్దీ గడియారం చూడకుండా కడిగినవాణ్ణి. బయటికి తెచ్చి వెలుగుకి పట్టాను. మొదటి పదీ పనికొచ్చేవి కావు. పంటు మీదా బల్లల మీదా తీసిన వాటిలో కారు నిలబడ్డట్టే ఉంది. వాలు మీద తీసిన వాటిలో జనం కారుని మూసేశారు. పదకొండోదానిలో కారు ముందు సగమే ఉంది. పన్నెండోదాన్ని నేను చూడకుండానే రీలు మాస్టారు చేతికి ఇచ్చేశాను.

ఆయన దాన్ని కత్తిరించి గాజుపలక మీద పెట్టారు. భూతద్దం తీసుకున్నారు. కారు ముందు నుంచి వెనక దాకా, మళ్ళీ వెనక నుంచి ముందు దాకా చూశారు. అలవాటుగా పెన్సిలు చేతిలోకి తీసుకున్నారు. కాసేపటికి దాన్ని మళ్ళీ పెట్టెలో పెట్టేశారు.

"దీన్లో నాకు పని లేదండి," అన్నారు.

అంతకు మించిన మెప్పు నాకు ఆ తర్వాత కూడా ఎవరూ ఇవ్వలేదు.

అచ్చు తీసి చూస్తే, దీపాలూ తలుపూ హారన్ బుడ్డీ లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉన్నాయి. చక్రాల ఊచలు తిరిగి తిరిగి పొగమంచులా అయిపోయాయి. కొబ్బరిచెట్లన్నీ అడ్డగీతలై వెనక్కి పరిగెడుతున్నాయి. మడ్‌గార్డుల మీద తడి బురద మెరుస్తోంది. నేను మైనం పెట్టించిన ఫొటోలో లేని అందమంతా ఆ బురద తెచ్చింది. స్టీరింగు దగ్గర ఒక పెద్దావిడ, పమిట వెనక్కి ఎగురుతుండగా, దవడ బిగించి ముందుకి చూస్తున్నారు. ఆ మొహం మీద ప్రతి ముడతా కనపడుతోంది. మాస్టారు ఒక్కటి కూడా ముట్టుకోలేదు.

రిజిస్టరు పోస్టులో పంపాం. వారం తిరక్కుండా రమ్మని డాక్టరు గారికి తంతి వచ్చింది. ఆవిడా మెకానిక్కూ ఆ కారులోనే బయలుదేరి, మూడు రోజులకి హైదరాబాదు చేరారు. దారిలో రెండుసార్లు ఫ్యాన్ బెల్టు తెగిందని, ఒకసారి దాని బదులు చీర అంచు చింపి కట్టారని తర్వాత మెకానిక్కు చెప్పాడు. ప్రదర్శనకి వచ్చిన కార్లలో చాలా మట్టుకు లారీల మీద వచ్చాయట. అంత దూరం నుంచి సొంత చక్రాల మీద వచ్చింది ఇదొక్కటేనట. ఉత్తరం రాసిన పెద్దమనిషి స్వయంగా ఎదురొచ్చి, కారు చుట్టూ తిరిగి, చక్రాల వైపు వంగి చూశాడట. "ఇటుకలు ఇంట్లో మర్చిపోయి వచ్చేనండి," అన్నారట డాక్టరు గారు. మొదటి బహుమతి ఆవిడకే ఇచ్చారు. నా ఫొటోని నిలువెత్తు పెద్దది చేయించి గేటు దగ్గర కట్టారని విన్నప్పుడు, నేను ఆ రోజు స్టూడియో రెండు గంటలు ముందే మూసేశాను.

తిరుగు ప్రయాణంలో ఆవిడ రాజోలు వెళ్ళకుండా రావులపాలెం నుంచి తిన్నగా అమలాపురం వచ్చేశారు. మిట్టమధ్యాహ్నం మా స్టూడియో కింద హారన్ మోగింది. కిటికీలోంచి చూస్తే, దుమ్ము కొట్టుకుపోయిన కారు, దాని చుట్టూ వీధి వీధంతా. బట్టల కొట్టు యజమాని దానిమీద చెయ్యి పెట్టి, అదేదో తన కారన్నట్టు అందరికీ వివరం చెబుతున్నాడు.

"మెట్లెక్కలేనండి, మీరే దిగండి," అని కింది నుంచి అన్నారు డాక్టరు గారు. "మాస్టారు గారిని కూడా తీసుకురండి."

మాస్టారు అలా ఎవరైనా పిలిస్తే వెళ్ళే మనిషి కాదు. ఆ రోజు కండువా సర్దుకుని నాకంటే ముందే దిగారు. మెకానిక్కు తను కూర్చున్న ముందు సీటు ఖాళీ చేసి, తలుపు తీసి పట్టుకున్నాడు. మాస్టారు ఎక్కి కూర్చున్నారు. నేనూ మెకానిక్కూ వెనక సీట్లో, బహుమతి కప్పు మా ఇద్దరి మధ్యా. డాక్టరు గారు గేరు వేసి, ఆయన వైపు తిరిగారు.

"ఎక్కడికి పోనివ్వమంటారండి? గడియార స్తంభం చుట్టూ ఒక తిప్పు తిప్పనా?"

మాస్టారు కండువా ఇంకోసారి సర్దుకున్నారు. ఇన్నేళ్ళలో ఆయన నోటి వెంట తన ఇంటి సంగతి నేనెప్పుడూ వినలేదు.

"మా ఇంటి మీదుగా పోనివ్వండి," అన్నారు. "మా ఆవిడ అరుగు మీద కూర్చుని ఉంటుంది. చూస్తుంది."